అటక మీద యుద్ధం

పిల్లలూ, కథలోకి వెళ్ళే ముందు ఒక ప్రశ్న. పాము కంటికి కనబడినప్పుడు ఎక్కువ భయం వేస్తుందా? గడ్డిలో సరసరమని వినబడి, ఎటు చూసినా కనబడనప్పుడు ఎక్కువ భయం వేస్తుందా? బాగా ఆలోచించి చెప్పండి. ఆఁ, వినబడి కనబడనప్పుడేనా? నాకూ అంతే. అయితే ఈ కథ మనకోసమే. కాళ్ళు ముడుచుకుని కూర్చోండి.

అనగా అనగా, మా అవ్వకు అవ్వ కూడా ఇంకా పుట్టని రోజుల్లో, గుండ్రాళ్ళ కొండల నడుమ ఒక చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో తోలుబొమ్మలాడించే కుటుంబం ఒకటి కాపురముండేది. ఇంటి పెద్ద పేరు తిమ్మోజి. ఆయన భార్య లచ్చుబాయి. కొడుకు కేశోజి. ఆ ఏడాదే కాపురానికి వచ్చిన కోడలు రేణుబాయి.

తోలుబొమ్మ అంటే ఏమిటో తెలుసు కదా? మేకతోలును నానబెట్టి, గీకి, వెలుగు అవతలికి కనబడేంత పలచగా చేస్తారు. దాని మీద బొమ్మ గీసి, రంగులు వేసి, ఉలితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. తెల్లని తెర కట్టి, వెనక ఆముదం దీపం పెట్టి, బొమ్మను ఆడిస్తారు. ఇవతల కూర్చున్నవాళ్ళకు రంగురంగుల నీడ కనబడుతుంది. యుద్ధం ఘట్టం వచ్చిందంటే తిమ్మోజి కాలి కింద చెక్కపలక వేసుకుని టకటకా తొక్కేవాడు. ఆ చప్పుడుకు చంటిపిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు.

తిమ్మోజి తాతకు ఆనాటి రాజు ఒక చేను మాన్యంగా ఇచ్చాడు. మాన్యమంటే పన్ను కట్టనక్కరలేని పొలం. కాని దానికి ఒక షరతు ఉంది. ఏటేటా తొలకరికి ముందు రాజు కొలువులో బొమ్మలాట ఆడాలి. ఆట తప్పితే చేను కోటకు పోతుంది. చేను పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వాళ్ళకు వేరే ఆధారం లేదు మరి.

ఆ ఇంట్లో తాతల నాటి నియమం కూడా ఒకటి ఉంది. ఊళ్ళలో ఆటలు ముగిశాక బొమ్మల్ని వెదురుబుట్టల్లో సర్ది అటక ఎక్కిస్తారు. దేవతలు, రాజులు, మంచివాళ్ళు ఒక బుట్టలో. రాక్షసులు వేరే బుట్టలో. పొరపాటున కలిపి పెడితే బొమ్మలకు ప్రాణం వచ్చి, బుట్టలోనే యుద్ధం మొదలవుతుందని వాళ్ళ నమ్మకం. సర్దే పని ఆ ఇంటి కోడలిది. ఆ ఏడు రేణుబాయి సర్దింది.

ఎండలు ముదిరాయి. ఒకనాటి ఉదయం లచ్చుబాయి వాకిట్లో రాగులు చెరుగుతూ ఉంటే, ఇంటి లోపల పైనుంచి ఏదో వినబడింది.

టక్.

చేట ఆపి చెవి పెట్టింది.

టక్ టక్. టకటకటక.

అచ్చం యుద్ధం ఘట్టంలో పలక తొక్కిన చప్పుడు. ఈ మూల మొదలై ఆ మూలకు పరుగెత్తింది. మళ్ళీ ఆ మూల నుంచి ఈ మూలకు. మధ్యలో కీచుమని ఒక అరుపు. లచ్చుబాయి చేతిలో చేట జారి రాగులన్నీ నేలపాలయ్యాయి.

తిమ్మోజి వచ్చి విన్నాడు. ఏ చప్పుడు ఎలా ఉంటుందో ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? తన కాలితో నలభై ఏళ్ళు చేసిన చప్పుడే అది. మెల్లగా కోడలి వైపు తిరిగి, బుట్టలు వేరువేరుగానే సర్దావా అని అడిగాడు. సర్దాను మామా అంది రేణుబాయి. మధ్యాహ్నం మళ్ళీ అడిగాడు. సర్దాననే చెప్పింది. సాయంత్రం మళ్ళీ అడిగేసరికి ఆమెకే అనుమానం పట్టుకుంది. చూశారా పిల్లలూ, భయం ఎలాంటిదో? మన చేతులు చేసిన పనిని మనమే నమ్మకుండా చేస్తుంది.

లచ్చుబాయి ఊరుకుంటుందా? "మీ పుట్టింట్లో దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే గంపలో పడేస్తారు కాబోలు. ఆ అలవాటు మా కొంపకు తెచ్చావు," అంది.

తిమ్మోజి మొదట చేసిన పని ఏమిటంటే, అటక నిచ్చెన తీసి పెరట్లో పారేశాడు. రాక్షసులు నిచ్చెన దిగి వస్తారేమోనని. తరవాత కొబ్బరికాయ కొట్టి, కింద నిలబడి పైకి దండం పెట్టి, తెలియక తప్పు జరిగింది, శాంతించండి అని వేడుకున్నాడు.

యుద్ధం ఆగలేదు. అటక చెక్కల సందుల్లోంచి సన్నని ఎర్రని పొడి రాలడం మొదలైంది. లచ్చుబాయి అరచేతిలో పట్టి చూసి, నెత్తురు ఎండిపోయి రాలుతోందని కూలబడింది. ఆ రోజు అందరూ సంకటి తినడానికి కూర్చున్నారు. కేశోజి పళ్ళెంలో పైనుంచి ఏదో టప్పున పడింది. తీసి చూస్తే చెయ్యి. గోరంత చెయ్యి. అయిదు వేళ్ళూ ఉన్నాయి, మణికట్టు దగ్గర తెగిపోయింది. మంచి రాజు బొమ్మ చెయ్యి అది. ఆ పూట ఇంకెవరూ ముద్ద ఎత్తలేదు.

ఇక రెండోది. పొరుగూరి నుంచి మంత్రగాణ్ణి పిలిపించారు. ఆయన సాంబ్రాణి పొగ వేశాడు, దూలానికి నిమ్మకాయలు కట్టాడు, మద్దెల వాయించమన్నాడు. తండ్రీకొడుకులు చెమటలు కారేలా వాయించారు. వాయించినకొద్దీ పైన పరుగులు రెట్టింపయ్యాయి. మంత్రగాడు కాసేపు విని, ఈ యుద్ధం ఏదో ఒక పక్షం గెలిచేదాకా ఆగదన్నాడు. పొరపాటున అటక తెరిస్తే రాక్షసులు ఊరి మీద పడతారని కూడా చెప్పి, కట్టిన నిమ్మకాయలు విప్పుకోకుండానే చెప్పులు వేసుకున్నాడు. ఆయన నడకకూ పరుగుకూ పెద్ద తేడా లేదు.

ఇక మూడోది. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు, జాగ్రత్తగా వినండి. రాక్షసులు బయటికి రాకుండా తిమ్మోజి ఎత్తు బల్ల మీద నిలబడి అటక తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టాడు. గోడ మీదికి ఎక్కి, చూరు కింద ఉన్న సందును రాళ్ళూ మట్టీ కూరి పూడ్చేశాడు. చీమ దూరే చోటు కూడా మిగల్చలేదు.

మర్నాటి పొద్దున పైనుంచి వచ్చిన చప్పుడు వాళ్ళు అంతవరకు విననిది. టకటకలు కావు. గోకుడు. గోడల నిండా, చెక్కల నిండా, నలువైపులా గోకుడు. మధ్యమధ్య సన్నని గొంతుతో ఏడుపు. ఒకటి ఏడిస్తే ఇంకొకటి అందుకునేది. ఎర్రపొడితో పాటు పచ్చపొడి, నల్లపొడి కూడా రాలింది. దేవతలూ చస్తున్నారు, రాక్షసులూ చస్తున్నారు అన్నాడు తిమ్మోజి.

సరిగ్గా అప్పుడే కోట నుంచి భటుడు వచ్చాడు. కొండల మీద మబ్బు కనబడిందట. వచ్చే పున్నమికి కొలువులో ఆట.

బొమ్మలు లేవు, ఆట ఎలా ఆడతారు? ఆట లేకపోతే చేను నిలవదు. రాజు అడిగితే ఏమని చెబుతారు? తిమ్మోజికి తోచిన దారి ఒక్కటే. బండి కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పక్క రాజ్యానికి పారిపోవడం. గిన్నెలూ చెంబులూ మూట కట్టసాగారు. లచ్చుబాయి కోడలి బట్టలు వేరే మూటగా కట్టి ఆమె ముందు పడేసింది. "బండి మీ ఊరి మీదుగానే పోతుందిలే. అక్కడ దిగిపో. ఇంకో ఇల్లు కూల్చే ఓపిక మాకు లేదు."

రేణుబాయి మూట ముట్టుకోలేదు. వంటింటి గడప మీద కూర్చుని, పళ్ళెంలో పడిన ఆ చిన్న చెయ్యిని తిప్పి తిప్పి చూసింది. ఆమెకూ భయమే. కాని భయపడుతూనే చూసింది.

కత్తితో నరికితే అంచు ఎలా ఉంటుంది పిల్లలూ? గీత గీసినట్టు ఉంటుంది. ఈ చెయ్యి అంచు అలా లేదు. రంపపు పళ్ళలా వంకరటింకరగా ఉంది. ఆమెకు ఇంకో సంగతి కూడా గుర్తుకొచ్చింది. మామ ఆడించే ఆటలో రాక్షసులు ఎప్పుడు తిరుగుతారు? రాత్రి పూట. పగలు నిద్రపోతారు. మరి ఈ యుద్ధం కాకులు లేచే వేళకు మొదలవుతోంది. దీపాలు పెట్టేసరికి ఆగిపోతోంది. రాత్రంతా పైన ఒక్క చప్పుడు లేదు.

లేచి వెళ్ళి మామతో చెప్పింది. తిమ్మోజి మూట కడుతూనే, రాక్షసుల సంగతి నిన్న గాక మొన్న వచ్చిన నీకేం తెలుసు అన్నాడు. ఆమె ఇక వాదించలేదు. పెరట్లోకి పోయి, పడి ఉన్న నిచ్చెనను ఈడ్చుకొచ్చి అటకకు ఆనించింది. లచ్చుబాయి మూట వదిలేసి వాకిట్లోకి పరుగెత్తింది. కేశోజి వద్దు రేణూ, వద్దు రేణూ అంటూనే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు.

ఒక చేత్తో ఆముదం దీపం. ఇంకో చేత్తో మెట్టు. ఎక్కింది. అడ్డచెక్కలు ఊడదీసింది. ఒక్కొక్క చెక్క ఊడుతుంటే పైన గోకుడు తగ్గింది. చివరి చెక్క ఊడేసరికి పూర్తిగా ఆగిపోయింది.

అది ఇంకా భయం. ఏదో ఆమె కోసం ఎదురుచూస్తున్నట్టు.

తలుపు తోసి తల లోపల పెట్టింది. ఎండ వాకిలి నిండా ఉన్నా అటక మీద కటిక చీకటి. ముక్కుపుటాలు మండే వాసన. దీపం ముందుకు జరిపింది.

ఎదుటి గోడ మీద ఒక ఆకారం లేచింది. పైకప్పును తాకేంత ఎత్తు. నెత్తిన రెండు కొమ్ములు. ముందుకు చాచిన గోళ్ళ చేతులు. వెనక చామరం లాంటిది ఒకటి అటూ ఇటూ ఊగుతోంది. రేణుబాయి చేతిలో దీపం వణికింది. దీపంతో పాటు గోడ మీది రాక్షసుడూ వణికాడు.

అదిగో, అక్కడ ఆమెకు తెలివి వచ్చింది. ఆమె ఎవరు? తోలుబొమ్మల వాళ్ళ ఆడపడుచు, తోలుబొమ్మల వాళ్ళ కోడలు. బొమ్మ దీపానికి దగ్గరగా ఉంటే నీడ పెద్దదవుతుంది, దూరంగా ఉంటే చిన్నదవుతుంది. చిన్న బొమ్మను ఆకాశమంత చేసి జనాన్ని భయపెట్టడం వాళ్ళ ఇంటి విద్యే కదా. ఆమె దీపాన్ని మెల్లగా వెనక్కి జరిపింది. రాక్షసుడు నడుమెత్తుకు తగ్గాడు. ఇంకాస్త జరిపింది. మోకాలెత్తుకు తగ్గాడు. ఇంకాస్త.

బుట్ట అంచు మీద వీపున చారలతో ఒక ఉడుత కూర్చుని ఉంది. దాని ఒళ్ళంతా గడగడా వణుకుతోంది.

"అమ్మా, కింద ఉన్న రాక్షసులు వెళ్ళిపోయారా?" అని అడిగింది ఉడుత.

రేణుబాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏ రాక్షసులు అంది. ఉడుత చెప్పుకొచ్చింది. చింతకొమ్మ ఒకటి పెరిగి మీ చూరు మీదికి ఆనింది. దాని మీద నడిచి వచ్చాం. సందు కనబడింది, దూరాం, పిల్లల్ని పెట్టుకున్నాం. తోలు ఉప్పగా ఉందని అంచులు కొరికిన మాట నిజమే. అంతలో కింద రాక్షసులు చేరారు. పొగ పెట్టారు. ఢమఢమా కొట్టారు. పోదామనుకుంటే పిల్లలకు ఇంకా కళ్ళు తెరుచుకోలేదు. కళ్ళు తెరిచేనాటికి దారే లేకుండా పోయింది.

"మేము పోకూడదని మూశారా తల్లీ? మూసిన చోట దాహం వేస్తే ఏం చేస్తాం, కనబడినదల్లా కొరికాం," అంది.

ఉడుత వెనక, చిల్లులు పడిన బుట్టలో, పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఏడ్చే ఓపిక కూడా వాటికి లేదు. రేణుబాయి రెండు బుట్టలూ చూసింది. కొరికిన బొమ్మల రంగులే పొడిపొడిగా రాలి ఉన్నాయి. మంచివాళ్ళ బుట్ట వేరే ఉంది. రాక్షసుల బుట్ట వేరే ఉంది. ఆమె కట్టిన ముళ్ళు కట్టినట్టే ఉన్నాయి. ఆమె చేతులు తప్పు చేయలేదు.

కిందికి దిగి మామకు చెప్పింది. ముందు ఎవరూ నమ్మలేదు. కేశోజి కళ్ళు తెరిచి, తానే ఎక్కి చూసి, తెల్లబోయిన ముఖంతో దిగి అవునన్నాడు. తిమ్మోజి భయమంతా ఒక్క క్షణంలో కోపమైంది. కర్ర అందుకున్నాడు. పిల్లలూ, భయపడినవాడికి భయం పోగానే ముందు వచ్చేది కోపమే, గుర్తుపెట్టుకోండి. రేణుబాయి నిచ్చెనకు అడ్డంగా నిలబడింది. కొడితే చూరులో దూరి అక్కడే చస్తాయి, ఆ వాసన కొలువుదాకా మన వెంటే వస్తుంది, దారి ఇస్తే వాటంతటవే పోతాయి అని నచ్చజెప్పింది.

చూరు కింద కూరిన రాళ్ళు తీశారు. ఒక చిప్పలో నీళ్ళు పెట్టి అందరూ ఇవతలికి వచ్చారు. పొద్దు వాలేలోగా తల్లి ఉడుత పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని చింతచెట్టు తొర్రలోకి చేర్చింది. మర్నాడు రేణుబాయి మళ్ళీ ఎక్కి, మూలమూలా చేయి పెట్టి చూసి, లోపల ఏదీ మిగలలేదని తేల్చుకుంది. ఆ తరవాతే సందును రాయీ సున్నంతో కట్టారు. చూరుకు ఆనిన చింతకొమ్మను కొట్టేశారు. బొమ్మల్ని వెదురుబుట్టల్లోంచి తీసి మూతలున్న చెక్కపెట్టెల్లోకి మార్చారు. మంచివాళ్ళకు ఒకటి, రాక్షసులకు ఒకటి. నియమం నియమమే కదా.

అన్ని బొమ్మలూ పోలేదు. కొన్నిటికి అంచులు పోయాయి, కొన్నిటికి వేళ్ళు పోయాయి. పగలంతా కూర్చుని పాత తోలు ముక్కలతో అతుకులు కుట్టారు. మంచి రాజు చెయ్యి మాత్రం ఎలా కుట్టినా నిలవలేదు.

పున్నమి వచ్చింది. కొలువులో తెర కట్టారు. ఒంటిచేతి రాజు ఒంటిచేత్తోనే యుద్ధం చేశాడు. ఆట ముగిశాక రాజు తిమ్మోజిని దగ్గరికి పిలిచి, మా తాతల నాటి బొమ్మకు చెయ్యి ఏమైందని అడిగాడు.

తిమ్మోజి ఆలోచనలో పడ్డాడు. బొమ్మలకు ప్రాణం వచ్చి కొట్టుకున్నాయని చెబితే రాజు నమ్ముతాడు. ఊళ్ళో సగం మంది అప్పటికే నమ్మారు. తన అటకకు పూజలు కూడా జరుగుతాయి. బొమ్మల్ని ఉడుతలపాలు చేశానని చెబితే చేను పోతుంది. పక్కకు చూశాడు. రేణుబాయి తల దించుకుని, అతుకులు వేసిన బొమ్మల్ని పెట్టెలో సర్దుతోంది. చేయని తప్పుకు అన్నాళ్ళూ మాటలు పడిన పిల్ల. ఆమె ఎదుట అబద్ధం ఆయన నోట రాలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. నిచ్చెన పారేసిన సంగతి, సందు పూడ్చిన సంగతి, పారిపోవడానికి బండి కట్టిన సంగతి, అన్నీ. చివర, "మా కోడలు పైకెక్కి చూసింది ప్రభూ. నేను చూడలేదు. నీడలతో బతికేవాణ్ణి, నీడకు జడిశాను," అన్నాడు.

రాజు నవ్వలేదు. అందరినీ వెళ్ళమని సైగ చేసి, తిమ్మోజి కుటుంబాన్ని మాత్రం ఉండమన్నాడు. లచ్చుబాయి భయంతో కోడలి చెయ్యి పట్టుకుంది. చేను పోయింది అనుకున్నారు అందరూ.

రాజు గొంతు బాగా తగ్గించి అన్నాడు. "మా కోటలో ఉత్తరం వైపు ఒక గది ఉంది. అయిదేళ్ళ కిందట, మా తండ్రిగారు కాలం చేసినప్పుడు, ఆ గదిలో ఎవరో గుండెలు బాదుకుంటున్నట్టు చప్పుడు వచ్చింది. తాళం వేయించాను. ఇప్పటికీ ఆ దారిన నేను నడవను." రేణుబాయి వైపు తిరిగి, "పొద్దున నా వెంట వస్తావా అమ్మా?" అని అడిగాడు.

తెల్లవారాక వెళ్ళారు. తాళం తుప్పు పట్టి తిరగలేదు, పగలగొట్టాల్సి వచ్చింది. తలుపు తోశారు. గాలికి ఒక కిటికీ రెక్క కొట్టుకుంటోంది. అంతే, చప్పుడు దానిదే. గది నిండా గాదెలు. రాజు తండ్రి కరువుకాలానికని ఎవరికీ చెప్పకుండా దాచిన ధాన్యం. మూతలు తీస్తే లోపల గింజ లేదు, పురుగు తినగా మిగిలిన పొడి ఉంది.

రెండేళ్ళ కిందట ఆ రాజ్యంలో కరువు వచ్చింది. ఆకులూ దుంపలూ తిన్నారు జనం. ఎంతోమంది ఆ ఏడు దాటలేదు. వాళ్ళకు పెట్టవలసిన తిండి ఈ తాళం వెనకే ఉంది. రాజు గడప మీద కూర్చుండిపోయాడు. తరవాత లేచి, కోటలో మూసి ఉన్న ప్రతి తలుపూ ఆ పూటే తెరవమన్నాడు. చేను తిమ్మోజి ఇంటిదే అన్నాడు. ఇక మీద ఆ చేను పట్టా కోడలి పేర ఉండాలని కూడా అన్నాడు.

అదీ కథ. ఇందులో నీతి ఏమిటో ఇప్పుడు నేనే చెబుతాను, అందరూ వినండి. భయపడటం తప్పు కాదు, రేణుబాయి కూడా భయపడింది. లోపల ఏముందో చూడకుండా మూసేస్తే మాత్రం భయం పెరుగుతూనే ఉంటుంది, మనకున్నది తరిగిపోతూనే ఉంటుంది.

సరే, లేవండి. చింతపండు గింజలు తీయడం సగంలో వదిలేసి వచ్చాను, ఎండ పోకముందే ఆ పని ముగించి వస్తాను.